రెక్కకు గుడ్డ తొడగడం: ఇస్త్రీపెట్టె, మైనం దారం, కృష్ణా తీరపు తేమ

సొంతంగా కట్టుకునే చిన్న విమానానికి రెక్కల మీద గుడ్డ తొడిగే పనికి బెజవాడ, గుంటూరుల్లో ఏడాదికి పట్టుమని మూడు నెలలే దొరుకుతాయి. డిసెంబరు సగం నుంచి మార్చి మొదటి వారం దాకా, అంతే. రోళ్ళు పగిలే రోహిణి ఎండలో జిగురు కుంచె మీదే ఎండిపోతుంది, గుడ్డలోకి ఇంకదు. వానల్లోనూ, అక్టోబరు నవంబరు వాయుగుండాల రోజుల్లోనూ పూత మీద మజ్జిగ చిలికినట్టు తెల్లటి పొర తేలుతుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి గాలిలోని తేమను తన మీదికి లాక్కుంటుంది, ఆ తెలుపు అదే. కాబట్టి రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే పక్కటెముకలు), వార్నిష్, కంట్రోల్ కేబుళ్ళు, వైరింగు అన్నీ వానాకాలంలో ముగించుకుని గుడ్డ పనిని సంక్రాంతికి అటూ ఇటూగా పెట్టుకోండి. ఆ నెలల్లో కూడా పొద్దున్నే మంచు కురుస్తుంది. పది దాటాక మొదలుపెట్టి నాలుగింటికి కుంచె కడిగేయాలి. షెడ్డులో చిన్న తేమ మీటరు గోడకు తగిలించుకోండి. 75 శాతం దాటితే ఆ రోజు పూత పని వద్దు, వేరే పని చూసుకోండి.

ఇక్కడ చెప్పేది రెండు స్పార్ల (రెక్క పొడవునా సాగే దూలాల) మీద చెక్క లేదా అల్యూమినియం రిబ్బులు కట్టిన రెక్కకు, పాలిస్టర్ గుడ్డతో, పాలీ-ఫైబర్ అనే అమెరికా కంపెనీ తరహా థిన్నర్ జిగురు, పూతలతో చేసే పని. మీ కిట్ మాన్యువల్ మరోలా చెబితే దాని మాటే చెల్లుతుంది. ఒక కంపెనీ జిగురు మీద ఇంకో కంపెనీ పూత వేయడం మాత్రం ఏ మాన్యువలూ ఒప్పుకోదు.

గుడ్డ, దాని లెక్క

పాలిస్టరే కదా, బెజవాడ వస్త్రలత బట్టల బజారులో తాను తెచ్చేద్దామని చాలామందికి అనిపిస్తుంది. ఆ గుడ్డ పనికిరాదు. బజారు పాలిస్టర్‌ను మిల్లులోనే వేడికి బిగించేసి ఉంటారు. చీరను ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా కుంచించుకుపోకపోవడానికి కారణం అదే. మనకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. విమానం గుడ్డ రంగూ గంజీ తగలకుండా మగ్గం మీంచి దించినట్టే వస్తుంది, ఇస్త్రీ వేడికి పదిశాతం దాకా ముడుచుకుంటుంది. ఆ ముడుచుకునే గుణమే రెక్కకు బిగువునిస్తుంది. పైగా బజారు గుడ్డకు పట్టించిన మెత్తదనపు రసాయనాలు జిగురును పట్టనివ్వవు, పడుగూ పేకా ఎంత బరువుకు తెగుతాయో చెప్పే కాగితం ఉండదు.

ఒకప్పుడు ఈ పనికి గ్రేడ్-ఎ నూలుబట్ట వాడేవారు. కొత్తదైతే అంగుళం వెడల్పు పట్టీ 80 పౌండ్లు, అంటే 36 కిలోలు, మోయాలి. వాడగా వాడగా 56 పౌండ్లకు దిగితే బట్ట మార్చాల్సిందే. ఇప్పటి పాలిస్టర్ ఆ కొలతను తేలిగ్గా దాటుతుంది. ఇది మూడు బరువుల్లో వస్తుంది: చదరపు గజానికి 1.7, 2.7, 3.4 ఔన్సులు. మన లెక్కలో చదరపు మీటరుకు సుమారు 58, 92, 115 గ్రాములు. బాగా తేలికపాటి విమానాలకు మొదటిది, రెండు సీట్ల వాటికి మామూలుగా మధ్యది. మూడోది గరుకు నేలల మీద దిగే బరువు విమానాలకు. అనుమానంగా ఉంటే బరువుది వేసేద్దాం అనుకోకండి. బరువు గుడ్డ పూతను కూడా ఎక్కువ తాగుతుంది.

ఉదాహరణకు ఒక్కో రెక్క 4.4 మీటర్ల పొడవు, 1.4 మీటర్ల వెడల్పు, 13 రిబ్బులు అనుకుందాం. గుడ్డ తాను 70 అంగుళాల పన్నా, అంటే 178 సెంటీమీటర్లు. అంచు నుంచి అంచుకు ఒంపుతో కలిపి, ముందూ వెనకా మడతకు వదిలినా 165 సెంటీమీటర్లలో సరిపోతుంది. కనుక పన్నాను రెక్క వెడల్పుకు పెట్టి, పొడవున ఒకే ముక్క పరిస్తే మధ్యలో అతుకే ఉండదు. పొడవుకు రెండు కొసలా 20 సెంటీమీటర్ల చొప్పున వదిలితే ముక్క 4.8 మీటర్లు. కింద ఒకటి, పైన ఒకటి, రెండు రెక్కలకు కలిపి 19.2 మీటర్లు. ఎయిలరాన్లకు (రెక్క వెనకంచున పైకీ కిందికీ కదిలే పలకలకు), పొరపాట్లకు, నమూనా చట్రాలకు కలుపుకుని 24 మీటర్లు తెప్పించండి.

రిబ్బుల మీద అంటించే రెండంగుళాల పట్టీ రిబ్బుకు 2.85 మీటర్లు పడుతుంది, 26 రిబ్బులకు 74 మీటర్లు. 85 తీసుకోండి. కుట్టుదారం రిబ్బుకు ఎనిమిది మీటర్లు, మొత్తం 210. ఇది నైలాన్ దారం కాదు, మైనం పట్టించిన బల్లపరుపు పాలిస్టర్ దారం. వీటితోపాటు రిబ్బు పట్టీ (గుడ్డ ఆనే రిబ్బు అంచు) ఎంత వెడల్పో అంతే వెడల్పున్న జిగురు రీఇన్‌ఫోర్సింగ్ టేపు, రెక్క కొస ఒంపులకు క్రాస్ పట్టీ, నీళ్ళు బయటికి కారే రంధ్రాల చుట్టూ అంటించే గ్రామెట్లు, లోపల చూడాల్సి వస్తే మధ్య గుడ్డ కోసుకునేలా అంటించే తనిఖీ రింగులు కావాలి.

గుడ్డ, దారం, టేపులు విమానంలో పార్సిల్‌గా వచ్చేస్తాయి. జిగురు, పూతలు, థిన్నర్లు మండే సరుకు కాబట్టి ఓడలో రావాలి, లేదా ఆ సరుకు దింపే ఏజెంటు ద్వారా రావాలి. ముందు వాటికి ఆర్డరు పెట్టి, అవి చేతికొచ్చాకే గుడ్డ కోయండి. థిన్నర్లలో ఎండకాలపుది, నెమ్మదిగా ఆరేది అడిగి తెప్పించుకోండి. చలిదేశాల లెక్కతో కిట్‌లో వచ్చే థిన్నర్ మన జనవరి మధ్యాహ్నానికి కూడా తొందరగా ఆరిపోతుంది.

ఎంఈకే కొనేటప్పుడు

జిగురు పలచన చేయడానికి, తుడవడానికి మిథైల్ ఇథైల్ కీటోన్, అంటే ఎంఈకే కావాలి. కెమికల్ షాపుల్లో లీటర్ల లెక్కన దొరుకుతుంది. జాగ్రత్త పడాల్సిన చోటు ఆటోనగర్. అక్కడ ఫైబర్ పనివాళ్ళ కొట్లో ఎంఈకే అని అడిగితే కొందరు ‘కెటలిస్ట్’ సీసా చేతిలో పెడతారు. అది ఎంఈకే పెరాక్సైడ్. ఫైబర్ రెజిన్‌ను గట్టిపరిచేది, వేడికి పేలే స్వభావం ఉన్నది, కంట్లో చుక్క పడితే చూపు పోగొట్టేది. పేరులో సగం కలిసినంత మాత్రాన ఒకటి కాదు. లేబుల్ మీద ‘పెరాక్సైడ్’ అనే మాట కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.

అసలు ఎంఈకే కూడా సాధువేం కాదు. సున్నా డిగ్రీల కన్నా తక్కువ వేడిలోనే దాని ఆవిరి నిప్పందుకుంటుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదుగా పాకి దూరంలో ఉన్న నిప్పును వెతుక్కుంటుంది. పని మొదలుపెట్టే రోజు కొబ్బరికాయ కొట్టుకోండి, హారతి మాత్రం షెడ్డు బయటే. దోమల కాయిల్, అగరొత్తి, సిగరెట్, వెల్డింగు ఏవీ ఆ కప్పు కింద ఉండకూడదు. ఫ్యాన్ బయట పెట్టి మంచి గాలిని లోపలికి తోలాలి. లోపలి ఆవిరిని మామూలు ఫ్యాన్ గుండా లాగితే దాని మోటారు మెరుపే చాలు. పాలిస్టర్‌ను గుడ్డతో రుద్దితే స్టాటిక్ కరెంటు పుడుతుంది. కనుక రెక్క లోహపు భాగానికి ఒక వైరు కట్టి ఎర్తుకు కలపండి, నేల మీద నీళ్ళు చల్లుకోండి, నైలాన్ బట్టలు వేసుకోకండి. నైట్రైల్ గ్లౌజులు ఎంఈకేకు ఎక్కువసేపు ఆగవు, బ్యూటైల్ రబ్బరువి కావాలి. ముక్కుకు దుమ్ము మాస్కు చాలదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్నది పెట్టుకోవాలి.

మూసేముందు

గుడ్డ పడ్డాక లోపలికి మళ్ళీ చేయి వెళ్ళదు. ప్రతి నట్టుకూ పిన్ను ఉందా, కేబుల్ పుల్లీ గాడిలోనే నడుస్తోందా, తీగలు దేనికైనా రాసుకుంటున్నాయా అని మీరు కాక ఇంకొకరు చూడాలి. కట్టినవాడి కంటికి తన తప్పు ఆనదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర మీ విమానం కాగితాలు నడుస్తుంటే, మూసేముందు తనిఖీ ఎలా జరగాలో ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. ప్రతి గదినీ స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. తర్వాతెప్పుడైనా వైరు లాగాల్సి వస్తుందేమోనని ఒక ఖాళీ నైలాన్ తాడు రెక్క పొడవునా వదిలేయండి. రెక్కను తూచి బరువు రాసుకోండి.

చెక్క రెక్కైతే వార్నిష్ పరీక్ష ఒకటుంది. కనపడని చోట ఎంఈకే తడిపిన గుడ్డ కొన్ని నిమిషాలు ఉంచండి. వార్నిష్ మెత్తబడినా లేచినా, గుడ్డ తగిలే ప్రతిచోటా దాన్ని గీకి ఎపాక్సీ వార్నిష్ వేయాల్సిందే. మామూలు ఫర్నిచర్ వార్నిష్ మీద అంటిస్తే జిగురు వార్నిష్‌కు అంటుతుంది, వార్నిష్ మాత్రం చెక్కను వదిలేస్తుంది.

రివెట్ తలలు, స్క్రూలు, రేకు అంచులు, ప్లైవుడ్ మూలలు అన్నింటి మీదా రాపిడి ఆపే టేపు అంటించండి. వేలితో తడిమితే గీరుకునే ప్రతి చోటూ ఏడాది తిరిగేసరికి గుడ్డకు చిల్లు అవుతుంది.

తర్వాత రిబ్బులను ఒకదానికొకటి కట్టాలి. గుడ్డ ముడుచుకున్నప్పుడు సన్నటి రిబ్బులు పక్కకు వంగుతాయి. అలా వంగకుండా అర అంగుళం నూలు నాడాను, లంగా నాడా లాంటిదే, ఒక రిబ్బు పై పట్టీకి ఒక చుట్టు, పక్క రిబ్బు కింది పట్టీకి ఒక చుట్టు వేస్తూ మొదలు నుంచి కొస దాకా తీసుకెళ్ళాలి. మళ్ళీ ఎదురు వరసలో ఇంకోటి. బిగించి లాగకండి, రిబ్బులు నిటారుగా నిలబడితే చాలు.

గుర్తులన్నీ పెన్సిలుతోనే పెట్టండి. బాల్‌పెన్ను గీత ఎన్ని పూతలు వేసినా రంగులోంచి పైకి తేలుతుంది.

అంటించడం

ముందు కింది వైపు. రెక్కను తలకిందులుగా మెత్తటి ఆధారాల మీద పెట్టి, ముక్కను పరిచి, బట్టల క్లిప్పులతో చుట్టూ పట్టించండి. ముడతలు లేకుండా, కానీ చేత్తో లాగి బిగించకుండా. బిగువు పని ఇస్త్రీపెట్టెది. చేత్తో లాగితే ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా అవుతుంది, తర్వాత రెక్క మెలితిరుగుతుంది. అలాగని గోనెసంచిలా వేలాడదీసినా, ఉన్న పదిశాతం ముడతంతా ఆ వదులు తీయడానికే ఖర్చయి బిగువు రాదు.

గుడ్డ అంటుకునే చోటల్లా చట్రం మీద ముందే ఒక పూత జిగురు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత వెనకంచు మధ్యలో మొదలుపెట్టి, ఒక జానెడు మేర రెండో పూత తడిగా వేసి, వెంటనే గుడ్డ దించి గ్లౌజు వేలితో నొక్కుతూ రుద్దండి. జిగురు నేతలోంచి పైకి చెమ్మగా తేలాలి. తేలని చోట పొడిగా ఉన్నట్టు లెక్క, పైనుంచి కుంచెతో కాస్త జిగురు తడిపి మళ్ళీ నొక్కండి. మన వేడికి జానెడు కన్నా ఎక్కువ ఒకేసారి వేస్తే కొస దాకా వెళ్ళేలోపు మొదలు ఆరిపోతుంది. మధ్య నుంచి రెండు కొసలకూ వెళ్ళాక ముందంచు, చివరికి రెండు చివరలూ.

వెనకంచు చుట్టూ అంగుళం మడత చాలు. ముందంచులో కింది గుడ్డ ముక్కు దాటి పైకి ఎక్కాలి, పై గుడ్డ దాని మీదుగా వచ్చి కనీసం రెండంగుళాలు కప్పాలి. ఎదురుగాలి నేరుగా కొట్టేది అక్కడే కాబట్టి ఈ కొలతలో బేరం లేదు. ఒంపుల దగ్గర వచ్చే చిన్న ముడతల్ని జిగురు వేయకముందే 107 డిగ్రీల ఇస్త్రీతో తీసేయండి. తప్పు పడితే కంగారు లేదు, ఎంఈకే తడిపితే జిగురు కరిగి గుడ్డ ఊడొస్తుంది. ఈ పద్ధతిలో ఉన్న గొప్ప సుఖం అదే. కింద పూర్తయ్యాక తిప్పి పైది. రెండూ ఒక రాత్రి ఆరాలి. జిగురు వాసన ఉండగా షెడ్డులో ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టొద్దు.

ఇస్త్రీపెట్టెకు పరీక్ష

పెట్టె మీద రాసుండే ‘సిల్కు, కాటన్’ గుర్తులకూ డిగ్రీలకూ పొత్తు లేదు. ఆవిరి రంధ్రాలు లేని మామూలు కరెంటు పెట్టె తీసుకోండి. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఉన్న మల్టీమీటరు, కంప్యూటర్ షాపులో దొరికే థర్మల్ పేస్టు కావాలి. పెట్టె అడుగున మధ్యలో పేస్టు చుక్క పెట్టి, థర్మోకపుల్ కొస దాంట్లో ఉంచి, మడతపెట్టిన నూలుగుడ్డ మీద ఆనించండి. పిస్తోలు లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే లోహం మీద తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి గుడ్డ కాల్చుకోవద్దు. థర్మోస్టాట్ మూడుసార్లు ఆగి వెలిగాక వచ్చే గరిష్ఠ వేడినే లెక్కలోకి తీసుకుని 107, 121, 149, 177 డిగ్రీల దగ్గర డయలు మీద గీతలు పెట్టండి. పెట్టె ఆగి వెలిగే మధ్య ముప్ఫై డిగ్రీలు ఊగుతుంటే అది చొక్కాలకే పనికొస్తుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మొదటి నిమిషం గుడ్డకు దూరంగా ఉంచండి.

మొదటి దఫా 121, రెండోది 149, చివరిది 177. ప్రతి దఫాలోనూ పైవైపు కొంత, తిప్పి కిందివైపు కొంత, ఇలా మార్చి మార్చి నడపాలి. ఒకే వైపు 177 దాకా తీసుకెళ్ళి తర్వాత రెండోది మొదలుపెడితే ఈలోపు రెక్క విల్లులా వంగుతుంది. పెట్టెను బరువు పెట్టకుండా, ఆపకుండా, నెమ్మదిగా జరపండి. అంటించిన అంచుల మీద 107 దాటొద్దు. వేడికి జిగురు మెత్తబడి, బిగుస్తున్న గుడ్డ దాన్ని లాగేసుకుని జారిపోతుంది.

డప్పును మంటకు కాచినట్టే ఉంటుంది ఈ పని, వేలితో కొడితే మోత మారుతూ పోతుంది. తేడా ఏమిటంటే డప్పు చల్లారితే మళ్ళీ సడలుతుంది, పాలిస్టర్ సడలదు. కానీ 177 దాటించారంటే నేత విడిపోవడం మొదలై వచ్చిన బిగువు కూడా పోతుంది, మళ్ళీ ఎంత కాచినా రాదు. 250 దాటితే కరుగుతుంది. హీట్ గన్ వాడకపోవడానికి కారణం కూడా ఇదే, దాని మొన దగ్గర ఎంత వేడుందో ఎవరూ చెప్పలేరు. సందు చివర బొగ్గుల ఇస్త్రీపెట్టె సంగతి సరేసరి.

ప్రతి దఫా తర్వాత మొదటి రిబ్బు మీదా చివరి రిబ్బు మీదా రసమట్టం పెట్టి చూడండి. గుడ్డ వేయకముందు ఎంత వాలు ఉందో అంతే ఉండాలి. సన్నటి వెనకంచు రిబ్బుల మధ్య లోపలికి లాక్కుపోవడం కనిపిస్తే అక్కడితో ఆపేయండి, 149 దగ్గరైనా సరే. చట్రం తట్టుకోగలిగినంత బిగువే ఆ రెక్కకు సరైన బిగువు.

ఆ తర్వాత మొదటి పూత. గులాబీ రంగు పాలీ-బ్రష్ (ఇది కుంచె కాదు, పూత పేరు) మూడు పాళ్ళకు థిన్నర్ ఒక పాలు కలిపి, మంచి వెంట్రుకల కుంచెతో, ఒకే దిశలో. నేతలోకి ఇంకాలి కానీ లోపలికి కారకూడదు. కారిన చుక్క ఎదుటి గుడ్డ లోపలి ముఖం మీద పడి శాశ్వతంగా మచ్చవుతుంది. కుంచెను డబ్బా అంచుకు ఒత్తి, పలచగా లాగండి. ఇది ఆరాకే కుట్టు.

కుట్టు

జిగురు ఉందిగా, కుట్టెందుకు అని అడగని వాళ్ళుండరు. రెక్క పైన గాలి ఒత్తిడి తగ్గి గుడ్డను మీదికి లాగుతుంది. జిగురు పక్కకు లాగితే గట్టిగా పట్టుకుంటుంది, నిలువునా పీకితే వదిలేస్తుంది. గోడ మీది సినిమా పోస్టరు మొత్తంగా జారదు, ఒక మూల పట్టుకుని లాగితే పొడవునా లేచొస్తుంది. రెక్కలో ఆ మూల పుట్టనివ్వకుండా ఆపేది దారమే. కొన్ని డిజైన్లు కుట్టుకు బదులు స్క్రూలో, రివెట్లో, తీగ క్లిప్పులో వాడతాయి. ఏది చెప్పారో అది చేయండి, ఏదీ లేకుండా మాత్రం వదలొద్దు.

కుట్టుకూ కుట్టుకూ దూరం విమానం గరిష్ఠ వేగాన్ని బట్టి డ్రాయింగులో ఉంటుంది. ప్రొపెల్లర్ గాలి కొట్టే చోట దగ్గర దగ్గరగా, బయట కాస్త ఎడంగా. ప్రొపెల్లర్ వ్యాసం దాటాక ఇంకో రిబ్బు కూడా దగ్గర కుట్టులోనే కలుపుకోండి. ఇక్కడ అంతటా రెండున్నర అంగుళాలు, 65 మిల్లీమీటర్లు, అనుకుందాం. ముక్కు ప్లైవుడ్ వదిలేస్తే రిబ్బుకు 18 కుట్లు, రెండు రెక్కలకూ కలిపి 470 దాకా. మొదటి కుట్టు, చివరి కుట్టు పక్కవాటికి సగం దూరంలో పడాలి.

సూది పన్నెండు నుంచి పదహారు అంగుళాలది కావాలి. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు కుట్టే దబ్బనం వద్దు, దాని పదును అంచు నేతను కోసేస్తుంది. దొరక్కపోతే సైకిల్ పుల్లతో చేసుకోవచ్చు. ఒక కొస సుత్తితో చదును చేసి కన్ను తొలిచి, రెండో కొసను గుండ్రంగా అరగదీసి నున్నగా పాలిష్ పట్టాలి. మొన దారాల మధ్య సందు చూసుకుని దూరాలి తప్ప దారాన్ని తెంపకూడదు.

రిబ్బు మీద రీఇన్‌ఫోర్సింగ్ టేపు ముందు అంటించండి. చొక్కా గుండీ కింద గుడ్డముక్క వేసి కుట్టినట్టు, దారం గుడ్డను కోయకుండా కాపాడేది ఇదే. రెక్కను ముక్కు మీద నిలబెట్టి చెరోవైపు ఒకరు నిలబడితే పని తేలిక. పెన్సిలు గుర్తులు రెండు వైపులా ఎదురెదురుగా ఉండాలి, సూది వాలితే నాడాకో కేబులుకో చిక్కుకుంటుంది. కేబుల్ కుట్టులో పడిందేమో ప్రతి రిబ్బు తర్వాత కంట్రోల్ కదిపి చూడండి.

మొదటి కుట్టు రెండు చుట్లు. సూది రిబ్బుకు ఒక పక్క ఆనుకుని దూరి అవతల తేలుతుంది. అవతలి మనిషి దాన్ని రిబ్బు పట్టీ దాటించి రెండో పక్క నుంచి వెనక్కి పంపుతాడు. అలా రెండుసార్లు. రిబ్బు పట్టీ మధ్యలో రెండు కొసల్నీ కలిపి ఎదురు ముడి (స్క్వేర్ నాట్) వేసి, ఆ పక్కా ఈ పక్కా ఒక్కో మెలికతో బిగించాలి. రెండో కుట్టు నుంచి దారం తెగకుండా సాగుతుంది. సూది ఇవతలికి వచ్చాక కుట్టును ఎడమ బొటనవేలితో నొక్కి పట్టండి. వెనక కుట్టు నుంచి వస్తున్న దారం కిందుగా సూదిని దూర్చి, మీదుగా తిప్పి, ఏర్పడిన మెలికలోంచి తీసి, ముడి రిబ్బు పట్టీ మధ్యలో కాకుండా దాని పక్క అంచుకు కూర్చునేలా లాగండి. మధ్యలో కూర్చుంటే పైన పట్టీ అంటించినా బొడిపె కనిపిస్తుంది. దీని పేరు మాడిఫైడ్ సీన్ నాట్. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ వాళ్ళ పుస్తకం ఏసీ 43.13-1బీ రెండో అధ్యాయంలో బొమ్మ ఉంది. అది ఎదురుగా పెట్టుకుని, ఒక వృథా రిబ్బు మీద ఇరవై ముడులు వేశాకే అసలు రెక్క ముట్టుకోండి. పరీక్ష సులువే. మూడు కుట్లు వేసి మధ్య దాన్ని కత్తిరించండి, పక్క రెండూ వదులు కాకూడదు. వదులైతే మీరు వేసింది ముడి కాదు, ఉత్త మెలిక.

దారం గోరుతో కదలనంత బిగువుండాలి, చెక్క పట్టీ నలిగేంత కాదు. దారం మధ్యలో అయిపోతే మామూలు ముడితో కలపొద్దు, అది జారుతుంది. అతుకు ముడి బొమ్మ కూడా అక్కడే ఉంది. ఎనిమిది మీటర్లు ఒకేసారి లాగడం విసుగే, కానీ ఆ విసుగే మేలు.

పట్టీలు, పూతలు

కుట్టు మీద రెండంగుళాల పట్టీని తడి పాలీ-బ్రష్‌లో పరిచి, పైనుంచి ఇంకో పూత వేసి, బుడగలు వేలితో బయటికి తోయండి. ఆరాక అంచులు 107 డిగ్రీల చిన్న ఇస్త్రీతో అణచాలి. రెక్క కొస ఒంపుకు నిలువు నేత పట్టీ పనికిరాదు, ముడతలు పడుతుంది. జాకెట్టు మెడకు క్రాస్ ముక్క వేసినట్టే ఇక్కడా క్రాస్ పట్టీ. ఒక మనిషి లాగి పట్టుకుంటే అది సన్నబడుతూ ఒంపును పట్టుకుని కూర్చుంటుంది. లాగితే వెడల్పు తగ్గుతుంది కాబట్టి కావలసినదానికన్నా అంగుళం వెడల్పుది తీసుకోండి. ముందంచు పట్టీ అన్నింటికన్నా చివర, రిబ్బుల మీది గుడ్డ పట్టీల కొసలను కప్పుతూ.

గ్రామెట్లు ఇప్పుడే అంటించాలి. కింది గుడ్డ మీద, వెనకంచుకు ఆనుకుని, రిబ్బుకూ రిబ్బుకూ మధ్య ఉన్న ప్రతి గదికీ ఒకటి. రెక్క నేల మీద నిలబడ్డప్పుడు నీళ్ళు చేరే అట్టడుగు ఏదో అక్కడ. తనిఖీ రింగులు పుల్లీలు, కీళ్ళు ఉన్న చోట.

ఇంకో రెండు పూతలు పాలీ-బ్రష్ స్ప్రే చేశాక వెండి రంగు పాలీ-స్ప్రే. ఈ వెండి అందం కోసం కాదు. పాలిస్టర్‌ను తినేసేది ఎండలోని అల్ట్రావయొలెట్, దాన్ని ఆపేది ఈ పూతలోని అల్యూమినియం పొడి. గులాబీ పూతతోనే రెక్కను మన ఎండలో వారాల తరబడి ఆరబెట్టేవాళ్ళు గుడ్డను చేతులారా చంపుకుంటున్నట్టే. అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి కొడితే ఒక క్రాస్ కోటు, అలాంటివి రెండు మూడు కావాలి. థిన్నర్ వాసన పూర్తిగా పోయాక రెక్క మొదలు దగ్గర తెరిచి ఉన్న వైపు నుంచి 60 వాట్ల బల్బు లోపల పెట్టి, చీకట్లో బయటనుంచి చూడండి. వెలుగు తెలిసిందా, ఇంకో కోటు. అసలు తెలియడం లేదా, ఆపేయండి, ఇంకా కొట్టేదంతా బరువే.

వెండి పడకముందు ఉప్పుకాగితం గుడ్డను తాకకూడదు, నేరుగా దారాల్నే కోస్తుంది. రెండో వెండి కోటు తర్వాత 320 నంబరు కాగితంతో నీళ్ళు పోస్తూ మెల్లగా రుద్దవచ్చు, రిబ్బుల మీదా కుట్ల మీదా కాదు. షెడ్డు జిన్నింగు మిల్లు దగ్గరో మిర్చి యార్డు గాలివాలులోనో ఉంటే, స్ప్రే ముందు నేల, గోడలు తడపాలి. దూది పోగు తడి వెండిలో పడితే అదక్కడే ఉండిపోతుంది. సాయంత్రం లైటు వేసి స్ప్రే చేస్తే దీపపు పురుగుల సంగతి చెప్పక్కర్లేదు. తెల్లపొర తేలిందా, అదే రోజు మీద ఇంకో కోటు కొట్టి కప్పేయాలని చూడొద్దు. పొడి మధ్యాహ్నం దాకా ఆగి, నెమ్మది థిన్నర్‌ను పలచగా చిమ్మితే పూత మెత్తబడి చాలాసార్లు ఆ తెలుపు పోతుంది.

రంగు పూత మీ ఇష్టం, పలచగా. ఆరిన రెక్కలను నేల మీద ఆనించకుండా దూలాలకు తగిలించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్ వైపు ఎంత ఎత్తుకు వచ్చిందో గుర్తున్నవాళ్ళకు ఎంత పైకో చెప్పనవసరం లేదు. రెక్క మొదలు దగ్గర తెరిచి ఉన్న వైపు గుడ్డ కట్టి ఉంచండి, లేకపోతే ఎలుక లోపల కాపురం పెడుతుంది.

ఎయిలరాన్లకు కూడా ఇదే పద్ధతి, అయితే పూతయ్యాక వాటి తూకం మళ్ళీ సరిచూడాలి. కీలు వెనక చేరిన కొద్దిపాటి గ్రాములకే గాలిలో అవి కొట్టుకోవడం మొదలుపెట్టగలవు. కనుక డ్రాయింగులో చెప్పిన ఎదురు బరువు కొత్తగా సరిపెట్టండి. రెక్కను మళ్ళీ తూచి మొదటి బరువు పక్కన రాయండి. తనిఖీ రింగుల్లో ఇప్పుడు అవసరమైనవే కోయండి, తక్కినవి మూసే ఉండనీయండి. గ్రామెట్ల మధ్య గుడ్డను బ్లేడుతో కోస్తే పోగులు లేచి రంధ్రం మూసుకుంటుంది. వేడి సాల్డరింగ్ ఐరన్ మొనతో గుచ్చి గుండ్రంగా తిప్పితే అంచు కరిగి శుభ్రంగా నిలుస్తుంది. ఒక్కో రెక్కకు పన్నెండు గదులు, పన్నెండు రంధ్రాలు. లెక్కపెట్టుకుంటూ చేయండి, తర్వాత కందిరీగలు వాటిలో మట్టి పూడ్చాయేమో ఎగిరే ముందు ప్రతిసారీ చూడండి.